వెనక సీటు సాక్ష్యం

ఆ రోజు మా బావ బెల్టు అడిగాడు. కారెక్కి, తలుపు వేసుకుని, ఎడమ భుజం పక్కన ఒకసారి, సీటు అంచున ఒకసారి తడుముకుని, "బెల్టేదిరా?" అన్నాడు. నేను లేదన్నాను. కాసేపటికే జరిగిన ప్రమాదంలో ఆయన మోకాలు చితికిపోయింది. తలకు తగిలిన దెబ్బకు ఆ రోజు మొత్తం ఆయన జ్ఞాపకంలోంచి చెరిగిపోయింది. ఆయన బెల్టు పెట్టుకోలేదని నేను పోలీసుకు చెప్పాను, అక్కకు చెప్పాను, చివరికి ఆయనకే చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ ఆయన అడిగాడన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. పదిహేనేళ్లకు పైగా చెప్పలేదు.

ఇప్పుడు రాస్తున్నది ఆ మాటను దాని చోట పెట్టడానికే.

ఆ కారు నా సరదా కొద్దీ కొన్నది. స్కార్‌బరోలో మా బిల్డింగులో ఉన్నవాళ్లంతా మైలేజీ చూసి, రిపేర్లు తక్కువని చూసి చిన్న కార్లు కొనుక్కునేవాళ్లు. మాకూ అలాంటిదొకటి ఉండేది. నా భార్య ఆసుపత్రి డ్యూటీకి, పిల్లల్ని తిప్పడానికి అదే. ఈ రెండోది మాత్రం నా వయసు కన్నా కొంచెమే చిన్నది. డెబ్బైల నాటి పొడవాటి కారు, గోధుమరంగు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. అమ్మినాయన ఊరి తూర్పున ఒంటరిగా ఉండే ముసలాయన. కారు చుట్టూ తిప్పి అన్నీ చూపిస్తూ వెనక తలుపు తీసి, సీటు మీదున్న బెల్టులు రెండు చేతుల్లోకి తీసుకుని చూపించాడు. భుజం మీదుగా వచ్చేవి కావు, నడుముకు మాత్రమే కట్టుకునేవి. అవి చూపిస్తూ ఆయన చెప్పిన సంగతులు నాకిప్పటికీ గుర్తున్నాయి. బెల్టు పెట్టుకోవాలని ఈ దేశంలో మొదట చట్టం చేసింది మా ఒంటారియోలోనేనట. అప్పుడు జనం గోల పెట్టారట. నా కారులో నేనెలా కూర్చోవాలో ప్రభుత్వం చెప్పేదేమిటి అన్నారట. కొందరు బెల్టుల మీద కూర్చునేవాళ్లు, కొందరు కత్తిరించి పారేశారు. "నేను మాత్రం వీటిని తియ్యలేదు, కొయ్యలేదు. నువ్వూ తియ్యకు" అన్నాడాయన. తల ఊపాను.

నేను తియ్యలేదు. కప్పేశాను.

మనవాళ్లు కారు కొంటే చేసే మొదటి పని సీటు కవర్లు వేయించడం. కంపెనీ ఇచ్చిన సీటు ఎంత బాగున్నా దాని మీద కూర్చోబుద్ధి కాదు మనకి. ఈ కారుకు సరిపడే కవర్లు ఇక్కడ దొరకవు. అందుకని నా భార్య టేపు తీసుకుని సీట్లన్నీ కొలిస్తే, నేను గుంటూరులో మాకు తెలిసిన కవర్ల షాపుకి కొలతలు పంపాను. మెరూన్ రంగు వెల్వెట్, అంచున బంగారు రంగు పైపింగు. అటునుంచి వస్తున్న చుట్టాల పెట్టెలో అవి దిగాయి. ముందు సీటుకి బెల్టు దూరడానికి ఖాళీలు వదిలి కుట్టారు, ఎందుకంటే ఆ సంగతి నేను చెప్పాను. వెనక సీటు గురించి చెప్పడం నాకు తట్టలేదు. అక్కడ కుట్టేవాళ్లకూ తట్టలేదు. మా వైపు వెనక కూర్చునేవాళ్లు బెల్టు పెట్టుకోవడమనే ఊహే అప్పటికి లేదు.

కవరు తొడిగితే బెల్టుల బకిల్సు కింద గడ్డల్లా పైకి తేలాయి. వెల్వెట్ ఎగుడుదిగుడుగా కనపడింది. అప్పుడు కవరు వెనక్కి తీసి, ఖాళీలు కోసుకుని బెల్టులు బయటికి లాగితే సరిపోయేది. కొత్త వెల్వెట్‌కి కత్తెర పెట్టడానికి నాకు చేతులు రాలేదు. బెల్టుల్ని సీటుకీ వీపు ఆనే దిండుకీ మధ్య సందులోకి లోపలికంటా కుక్కి, కవరు బిగించి లాగాను. చదునుగా, నున్నగా వచ్చింది. దూరంగా నిలబడి చూసుకుని సంతోషపడ్డాను.

ఆ తరవాత వెనక ఎవరైనా కూర్చుని బెల్టు కోసం చూస్తే చెప్పడానికి ఒక మాట దొరికింది నాకు. వేసవిలో పాత కార్లవాళ్లు సాయంత్రాలు ఒక కాఫీ షాపు ముందు చేరేవాళ్లు. అందులో ఒకాయన కారు బెల్టులే లేని కాలంలో తయారైంది. అలా బెల్టు లేకుండా తయారైన కారులో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోనక్కర్లేదని ఆయన నాకు వివరంగా చెప్పాడు. తయారైనప్పుడు ఉన్న బెల్టును మాత్రం తీసెయ్యకూడదు, పనికిరాకుండా చెయ్యకూడదు అని కూడా చెప్పాడు. నేను మొదటి సగం తీసుకుని రెండో సగం అక్కడే వదిలేశాను. "పాత బండ్లకి రూలు లేదు" అని మనవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. అందరూ నమ్మేవాళ్లు. పాత కార్ల గురించి నాకు తెలుసని పేరు కదా.

మా బావ నమ్మి ఉండాల్సింది కాదు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఈ దేశంలో నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. మొదటి రోజు నేను తాళం తిప్పబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏం వినపడలేదు నాకు" అన్నాడు.

"ఏం వినపడాలి బావా?"

"టిక్కు. ఆ టిక్కు వినపడకుండా ఇంజను చప్పుడు వినపడితే మీ అక్కనిచ్చి పెళ్లి చేసినందుకు కూడా నిన్ను వదలను."

వేళాకోళం లేకుండా ఆయన నోట మాట వచ్చేది కాదు. కానీ ఆ చెయ్యి మాత్రం వేళాకోళం కాదు. ఏ కారెక్కినా, ఎక్కడ కూర్చున్నా, మాటల్లో ఉన్నా, కుడి చెయ్యి దానంతటది బెల్టు కోసం వెళ్లిపోయేది. బస్సులో ప్రయాణికులకి బెల్టులుండవు కదా అని ఎవరో పిల్లలు అడిగితే, "అందుకే కదా నేను కోడిగుడ్ల బుట్ట మోసినట్టు తోలేది" అనేవాడు.

ఆ ఆదివారం అక్టోబరులో. మా తెలుగు క్రైస్తవ సంఘంలో కృతజ్ఞతా ఆరాధన, తరవాత భోజనాలు. బావ కారు మెకానిక్కు దగ్గరుంది, అందుకని అక్కని నేనే తీసుకొచ్చాను, తిరిగి ఇద్దర్నీ నేనే దింపాలి. పొద్దున బావ డ్యూటీ నుంచి బస్సులో నేరుగా చర్చికి వచ్చాడు, కాబట్టి నా కారు వెనక సీటులో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. అక్క వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుంది, ఎప్పుడూ ముందే కూర్చుంటుంది. పార్కింగులో అక్క ఇంకా మెట్ల దగ్గర ఆడవాళ్లతో మాట్లాడుతోంది. బావ ఎక్కి నా వెనకే కూర్చున్నాడు.

"బెల్టేదిరా?"

"వెనక లేదు బావా. పాత బండి కదా. పాత బండ్లకి రూలు లేదు."

"రూలు లేకపోతే తలకాయ కూడా ఉండదా?"

సీటు సందులో ఆయన వేళ్లు వెతుకుతున్న చప్పుడు వినపడింది. అద్దంలో చూశాను. కవరు చెదురుతోంది.

"దగ్గరే కదా బావా, ఎంతసేపు. కవరు లాగకు, కుట్లు వదులుతాయి" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. అద్దంలో నా మొహం చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే అక్క, ఆమె వెంట ఖాళీ గిన్నెలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. నా కారు గురించి పది మందిలో నన్ను తగ్గించడం ఇష్టం లేక కాబోలు, బావ వేళాకోళంలోకి దిగాడు.

"మా బామ్మర్ది రథానికి బెల్టెందుకమ్మా? దీనికన్నా పెళ్లి ఊరేగింపు ముందెళ్తుంది" అన్నాడు గట్టిగా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరవాత అందరికీ గుర్తున్నది ఆ మాటే.

చినుకులు పడుతున్నాయి. నేను మెల్లగానే నడుపుతున్నాను. పచ్చలైటు ఉండగా కూడలిలోకి వెళ్లాను, ఎదురుగా వస్తున్న వ్యాను ఒకటి ఆగకుండా నా దారికి అడ్డంగా ఎడమకు తిరిగింది. తప్పు వాళ్లదే, ఆ సంగతిలో ఎవరికీ అనుమానం లేదు. గుద్దుకున్న క్షణంలో నా వీపుకు ఒక దెబ్బ తగిలింది. అవి మా బావ మోకాళ్లు. సీటు ఇనప చట్రంలోంచి ఆ దెబ్బ నాకు తెలిసింది. ఇవాళ్టికీ ఎవరైనా వెనకనుంచి నా కుర్చీని తన్నితే లేచి నిలబడిపోతాను.

అక్కకు బెల్టు ఒరుసుకుని భుజం కమిలింది, అంతే. నాకు అదీ లేదు. బావ రెండు సీట్ల మధ్య కింద పడి ఉన్నాడు. నుదుటినుంచి రక్తం. "బస్సెవరు తీస్తున్నారు?" అని అడుగుతున్నాడు. జవాబు చెబితే ఊ అని, మళ్లీ "బస్సెవరు తీస్తున్నారు?" అని అదే అడుగుతున్నాడు.

అంబులెన్సు వెళ్లాక కుర్ర పోలీసు ఒకడు మర్యాదగా నన్ను పక్కకు పిలిచాడు.

"వెనక కూర్చున్నాయన బెల్టు పెట్టుకున్నారా?"

"లేదు."

"వెనక బెల్టులున్నాయా?"

"ఉన్నాయి."

రాసుకుని తల ఊపాడు. రెండూ నిజాలే. రెండు నిజాలు పక్కపక్కన పెడితే ఒక అబద్ధం తయారైంది. ఇంకొక్క ప్రశ్న అడిగితే చెప్పేవాణ్ణేమో అని చాలాకాలం అనుకున్నాను. అడక్కపోయినా చెప్పొచ్చన్న సంగతి మాత్రం అనుకోలేదు.

ఆ వారంలోనే, సామాన్లు తీసుకోవడానికి, పాడైన కార్లు పెట్టే యార్డుకు వెళ్లాను. గ్లవ్ బాక్సులో కాగితాలు తీసుకున్నాను. తరవాత వెనక తలుపు తెరిచి కవరు ఊడదీశాను. వెల్వెట్ పాడైపోతుందని తీస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. సందులోకి చెయ్యి పెట్టి లాగితే బెల్టులు వచ్చాయి. ఎండ తగలక, చెయ్యి తగలక, కొత్తవాటిలా ఉన్నాయి. వాటిని సీటు మీద పరిచి, అటూ ఇటూ సర్ది, తలుపు వేశాను. ఎవరైనా వచ్చి చూస్తే బెల్టులు కనపడతాయి, పెట్టుకోలేదు అనుకుంటారు. కవరు ఇంటికి కూడా తీసుకురాలేదు. దారిలో ఒక ప్లాజా వెనక చెత్తడబ్బాలో పడేశాను. అబద్ధం అప్పటిదాకా నోటిది. ఆ రోజు చేతులతో కూడా చేశాను.

ఆసుపత్రిలో బావకు తెలివి కుదురుకున్నాక అడిగిన మొదటి ప్రశ్న అదే.

"నేను బెల్టు పెట్టుకోలేదా?"

అక్క అందుకుంది. "పెట్టుకుంటే ఇక్కడెందుకుంటావు? పార్కింగులో జోకులు. ఊరేగింపంట. ఊరందరికీ చెబుతాడు టిక్కు టిక్కు అని, తన దగ్గరకొచ్చేసరికి..." ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఆయన నావైపు తిరిగాడు. "ఒరే, నిజమేనా?"

"పెట్టుకోలేదు బావా" అన్నాను.

ఆయన చాలాసేపు కుడిచెయ్యి వంక చూసుకున్నాడు.

మోకాలికి ఆపరేషన్లు జరిగాయి. నడక వచ్చింది, బస్సు రాలేదు. డిపోలో కూర్చుని చేసే పని ఇచ్చారు. జనంలో ఉండడం ఇష్టమైన మనిషిని ఒక గదిలో పెట్టినట్టయింది. అయినా అది ఆయన తట్టుకున్నాడు. తట్టుకోలేనిది ఇంకొకటి. ఒకసారి వాళ్లింట్లో టీ తాగుతుంటే నెమ్మదిగా అన్నాడు.

"మోకాలు పోయిందని కాదు బామ్మర్దీ. ఆ రోజు నా చెయ్యి ఎందుకు వెళ్లలేదో నాకు అర్థం కావడంలేదు. అది నేను చెప్పక్కర్లేని చెయ్యి. అదే మర్చిపోయిందంటే ఇంకేం మర్చిపోతానో."

అది ఉత్త మాట కాదు. తాళం వేసి వెనక్కి వచ్చి మళ్లీ చూసేవాడు. స్టవ్ ఆపి మళ్లీ ముట్టుకుని చూసేవాడు. కారులో బెల్టు పెట్టుకుని, గుంజి, విప్పి, మళ్లీ పెట్టుకునేవాడు. కొన్నేళ్లకి కాలు అనుకూలించినా కారు నడపడమే మానేశాడు. "నన్ను నేను నమ్మలేను, వెనక ఎవరైనా కూర్చుంటే ఇంకా భయం" అన్నాడు. అక్క నడపడం నేర్చుకుంది. ఆమె స్టీరింగ్ దగ్గర కూర్చున్న ప్రతిసారీ ఆ పక్కసీటులో ఆయనకు ఏదో ఒక మాట తగిలేది. "ఒక్క టిక్కు. ఒక్క టిక్కు చేసుంటే ఈపాటికి నన్ను నువ్వు తిప్పేవాడివి." ఆయన నవ్వి ఊరుకునేవాడు. వేళాకోళానికి తిరుగుమాట చెప్పని మా బావను నేను అంతకుముందు చూడలేదు.

ఈలోగా నాకు సాకులు చాలా దొరికాయి. నడుము బెల్టు మోకాలిని కాపాడేది కాదేమో. తల ఎలాగైనా తగిలేదేమో. ఇప్పుడు చెబితే అక్కకీ నాకూ మధ్య ఏమవుతుందో. పాత గాయం కెలకడమెందుకు. అవన్నీ నిజమయ్యే అవకాశం ఉంది. అయినా ఆయన చెయ్యి మర్చిపోలేదన్న సంగతి వాటిలో దేనికీ సంబంధించింది కాదు. ఆ ఒక్క మాట ఆయనకు కావాలి, అది నా ఒక్కడి దగ్గరే ఉంది.

మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పుకోవడం ఉంది. ఎవరికి జరిగిన మేలు వాళ్లు, ఎవరి పాఠం వాళ్లు, లేచి నిలబడి చెబుతారు. వీసా వచ్చిందని, జ్వరం తగ్గిందని, బిడ్డ పుట్టిందని. మా బావ ప్రతి ఏడాది శీతాకాలం మొదలయ్యేటప్పుడు లేచి తన ప్రమాదం గురించి చెప్పేవాడు. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లలు పాత కార్లు కొనుక్కుని మంచులో తిరగడం మొదలుపెట్టే సమయం అది. "నాకంతా తెలుసన్న గర్వం. డ్రైవర్ని కదా అన్న గర్వం. బెల్టు పక్కనే ఉంది. జోకేసి కూర్చున్నాను. దేవుడు ప్రాణం మిగిల్చి కాలు తీసుకున్నాడు" అనేవాడు. వాళ్లు శ్రద్ధగా వినేవాళ్లు. నేను మూడో వరసలో కూర్చునేవాణ్ణి.

పోయిన ఏడాది ఆయన చెప్పి కూర్చున్నాక, భోజనాల దగ్గర కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆయన పక్కకు వచ్చింది. కాలేజీలో చదువుతూ సాయంత్రాలు ఒక స్టోరులో చేస్తుంది. ముగ్గురు కలిసి ఒక పాత కారు కొన్నారట.

"అంకుల్, గా కారుల వెనక బెల్టు ఉండెనా అసలు? పాత బండ్లకి ఉండవు గదా. మా దాంట్ల గూడ వెనక లెవ్వు."

"ఉండేవమ్మా" అన్నాడు బావ. నావైపు చెయ్యి చూపించాడు. "ఇదిగో, బండి ఓనరు ఈయనే. చెప్పు బామ్మర్దీ, ఉన్నాయా లేదా?"

"ఉన్నాయి" అన్నాను. పోలీసుకు చెప్పిన మాటే, పోలీసుకు చెప్పినంత తొందరగానే వచ్చింది.

"మరి మీ దాంట్లో లేకపోవడమేంటి? పద చూద్దాం" అని బావ లేచాడు. పార్కింగులో ఆ పిల్లల కారు అంత పాతదేం కాదు. వెనక సీటు మీద దుప్పటి మడిచి, దాని పైన ఆన్‌లైన్‌లో కొన్న కవరు బిగించి ఉంది. బావ చెడిన కాలు బయటే చాపి, నడుము వంచి, కవరు ఎత్తి, సందులోకి చెయ్యి దూర్చాడు. ఒకటి తర్వాత ఒకటి బకిల్సు బయటికి లాగాడు.

"అయ్యో, ఉన్నయి అంకుల్" అంది ఆ అమ్మాయి. "కొన్నప్పటిసంది మేం గిట్లనే తిరుగుతున్నం."

"ఉంటాయమ్మా. కనపడకపోతే లేవనుకోకు. కవరుకి కత్తెర పెట్టు, మొహమాటపడకు" అన్నాడు. లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. చేతికి సీటు సందులోని దుమ్ము అంటుకుంది. నాకు అనుమానమేమీ ఆయన మొహంలో కనపడలేదు. అదే నేను భరించలేకపోయాను. కళ్లముందు అంతా విప్పి చూపించినా ఆయనకు నా మీద అనుమానం రాలేదు. తప్పు తనలోనే వెతుక్కోవడం అంతగా అలవాటు చేశాను ఆయనకి.

తరవాతి శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. అక్క చేపలకి మసాలా పట్టిస్తోంది. బావ టేబుల్ దగ్గర కొత్తిమీర వలుస్తున్నాడు.

"భోజనానికొచ్చావా, ముక్కల లెక్క చూసుకోవడానికొచ్చావా?" అన్నాడు.

"బావా, ఆ రోజు నువ్వు బెల్టు అడిగావు" అన్నాను. ఇంకో రకంగా మొదలుపెడితే చెప్పలేనని తెలుసు.

"ఏ రోజు?"

"ప్రమాదం రోజు. చర్చి పార్కింగులో. కారెక్కగానే బెల్టేది అని అడిగావు. నేను లేదన్నాను."

కొత్తిమీర వలవడం ఆగింది. అక్క చేపల గిన్నె పక్కకు జరిపింది.

"అడిగానా?"

"అడిగావు. చేత్తో వెతుక్కున్నావు కూడా."

"ఏ చేత్తో?"

"కుడి చేత్తో. ముందు ఎడమ భుజం పక్కన. తరవాత సీటు సందులో. కవరు చెదురుతుందని నేనే ఆపాను."

తరవాత మిగిలినదంతా చెప్పాను. వెల్వెట్, కుక్కిన బెల్టులు, పోలీసు, యార్డు, చెత్తడబ్బా. ఆయన అవి వింటున్నాడో లేదో తెలియలేదు. మధ్యలో, "ఎక్కగానేనా? నువ్వు గుర్తు చేశాకనా?" అని మాత్రం అడిగాడు.

"ఎక్కగానే. నేనేం అనకముందే."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను "సారీ బావా" అన్నాను.

"సారీనా?" అన్నాడు కళ్లు తెరవకుండానే. "బస్సులో నా కాలు తొక్కినవాళ్లు చెప్పేవాళ్లురా సారీ. ఈ దేశంలో నేను వాళ్ల కాలు తొక్కినా వాళ్లే చెప్పేవాళ్లు. అది కాదు. ఎన్నిసార్లు నిలబడ్డాను నేను? పిల్లల ముందు గర్వం, గర్వం అని లేని గర్వం తెచ్చుకుని ఒప్పుకున్నాను. సాక్ష్యమన్నాను దాన్ని. సాక్షివి నువ్వు. మూడో వరసలో కూర్చుని ఆమేన్ అన్నావు."

అన్నాను. అందరితో పాటు ప్రతిసారీ అన్నాను.

అక్క చేతులు కడుక్కోకుండానే వచ్చి నా ఎదురుగా నిలబడింది. చిన్నప్పుడు నేను తప్పు చేస్తే నాన్న దాకా వెళ్లకుండా తనే కొట్టి వదిలేసేది. ఇప్పుడు కొట్టలేదు.

"నువ్వు అబద్ధం చెప్పావంటే అది నీది" అంది. "నా నోరెందుకు వాడుకున్నావురా? ఇన్నేళ్లు ఆయన్ని నా నోటితో అనిపించావు. పొద్దున కూడా అన్నాను. కారు దిగేటప్పుడు అన్నాను."

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. బావ తలుపు వైపు చూసి, నావైపు చూశాడు. "చేపలు నువ్వే ఫ్రిజ్జులో పెట్టు" అన్నాడు. పెట్టాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అన్నాడు: "నాకు చెప్పావు, బానే ఉంది. నేనెక్కడ నిలబడి చెప్పానో అక్కడ నిలబడి చెప్పు. ఆ సారీ కాకుండా ఇంకేదన్నా మాటుంటే చూడు."

వారమంతా ఆ మాట కోసం వెతికాను. మన ఇళ్లల్లో క్షమించు అనే మాట నోట్లోంచి రాదు. ప్రార్థనలో దేవుడికి చెబుతాం, మనుషులకు చెప్పం. అన్నం తిన్నావా అని అడిగి సరిపెట్టుకుంటాం. లేకపోతే సారీ అని ఇంగ్లీషులో తప్పించుకుంటాం. నా భార్యకు ఆ రాత్రే చెప్పాను. ఆమె అంతా వింది. తరవాత, "ఆ కొలతల టేపు పట్టుకుంది నేనే కదా, నాక్కూడా తట్టలేదు" అంది. నేరం పంచుకోబోయింది. నేను ఒప్పుకోలేదు. కొలవడం తప్పు కాదు.

మరుసటి వారం ఆదివారం సాక్ష్యాలకు పిలిచినప్పుడు లేచాను. పాస్టరుగారు నవ్వుతూ మైకు ఇచ్చారు. మా అబ్బాయికి కాలేజీలో సీటు వచ్చిన సంగతి చెబుతాననుకున్నారు. కరీంనగర్ అమ్మాయి, ఆమె స్నేహితులు వెనక వరసలో ఉన్నారు. బావ నడవలోకి కాలు చాపుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అక్క పక్కనే ఉంది, నన్ను చూడటంలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమేన్ అనడానికి అలవాటు పడిన జనం ఎక్కడ అనాలో తెలియక నిశ్శబ్దంగా ఉండిపోయారు. చెప్పడం అయిపోయాక మైకు పక్కన పెట్టేశాను. మిగిలింది వాళ్లిద్దరికే చెప్పాల్సింది. అయినా అందరికీ వినపడింది.

"బావా, నీ చెయ్యి మర్చిపోలేదు. మర్చిపోయిందని నిన్ను నమ్మించింది నేను. అక్కా, ఆయన తప్పు లేదని తెలిసీ నీ చేత ఆయన్ని అనిపించింది నేను. నన్ను క్షమించండి."